దొరలకు చెప్పిన తెలుగు

ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గాకు సమీపాన ఎనిమిది మూలల సమాధి ఒకటి ఉన్నది. అందులో శాశ్వతనిద్ర పోతున్నవాడు ఓరుగల్లు మనిషి. 1323లో ఉలుఘ్ ఖాన్ సేనలు కాకతీయుల కోటను పట్టుకొని దానికి సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టిననాడు చెరపడిన సేనానులలో అతడొకడు. మారన మహాకవి మార్కండేయ పురాణాన్ని అంకితమందుకొన్న గన్నసేనాని ఇతడేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఢిల్లీ చేరిన తరువాత మతం మారినది, పేరు మారినది. మాలిక్ మక్బూల్ అయినాడు. ఒకప్పుడు తన ఓరుగల్లుకే సుల్తాను ప్రతినిధిగా తిరిగివచ్చి, కాపయ నాయకుని తిరుగుబాటుతో మళ్ళీ ఢిల్లీకి తరలిపోయినాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఖాన్-ఇ-జహాన్ అన్న బిరుదంతో ఆ మహాసామ్రాజ్యానికి ప్రధానమంత్రి అయినాడు. ఆ కాలపు చరిత్ర వ్రాసిన షంస్ సిరాజ్ అఫీఫ్ ఇతనిని గురించి చెప్పిన మాట విచిత్రమైనది: అతనికి చదవను, వ్రాయను రాదట, అయినా బుద్ధిసూక్ష్మతలో అతనికి సాటి లేదట.

ఉపాధ్యాయులు ఆగి ఆలోచించవలసిన మాట ఇది. తెలుగుదేశంలో సేనానిగా బ్రతికి, కృతిభర్త కూడా అయి ఉండగలిగినవాడు ఢిల్లీలో నిరక్షరాస్యుడైనాడంటే, అక్కడి అక్షరం వేరు గనుక. అతని తెలుగు ఆ దర్బారులో లెక్కకు రాలేదు. మరి పరభాషలో రాజ్యం నడపటం అతనికి ఎవరు నేర్పినారు? ఏ చరిత్రలోను ఆ గురువు పేరు లేదు. నడివయసులో చెరపడినవానికి భాష నేర్పినది బహుశః బడి కాదు, అవసరం, చెవి.

ఆ ఢిల్లీ పాలకులలో తురుష్కజాతివారు పెక్కుమంది. ఇంట తుర్కీ మాటలు ఉన్నా, రాజ్యాంగ వ్యవహారం మాత్రం పారసీలో నడిచేది. తుర్కీ భాషను సైనికులకు పట్టుబట్టి నేర్పినవారు వేరొకచోట ఉన్నారు. ఒట్టోమాన్ సుల్తానులు బాల్కన్ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలనుండి మగపిల్లలను బలవంతంగా తెచ్చి జానిసరీ సైన్యంలో చేర్చేవారు. ఆ పిల్లలను నేరుగా సైనికశాలకు పంపేవారు కారు. ముందు కొన్ని ఏళ్ళు అనటోలియా పల్లెలలో తుర్కీ రైతుల ఇండ్లలో పనికి పెట్టేవారు. దుక్కి దున్నుతూ, పశువులను కాస్తూ, ఆ ఇంటివారి తిట్లూ దీవెనలూ వింటూ వారు తుర్కీ నేర్చుకొనేవారు. ఆ పద్ధతి వెనుక ఉన్న క్రౌర్యాన్ని ఎవరూ సమర్థించలేరు. తల్లి ఒడినుండి బిడ్డను లాగి నేర్పిన భాష అది. కాని సైనికునికి భాష చెప్పే మొదటి పంతులు రైతు అన్న సంగతి మాత్రం గుర్తు పెట్టుకోదగినది.

సైన్యానికీ భాషకూ ఉన్న ఈ ముడి మన దేశంలో ఒక పేరులోనే నిలిచిపోయినది. ఉర్దూ అన్న మాట తుర్కీదే. దండు విడిసిన చోటు అని దాని అర్థం. దండులో పుట్టిన పేరు కవితకు, గజలుకు పేరైనది. తుర్కీనుండి పారసీ ద్వారా, ఉర్దూ ద్వారా మన తెలుగులోకి దిగిన మాటలు కూడా కొన్ని దండు వాసన కొట్టేవే: తుపాకి, తోపు, బహదూరు. బేగం, ఖాను మాత్రం కొంత నయం. ఓరుగల్లు ప్రాంతపు పల్లెల్లో పాతతరంవారు ఉర్దూను తురకమనే అనేవారు. "సారు తురకం మాట్లాడిండు" అంటే అర్థం, ఎవరో అధికారి ఊరికి వచ్చినాడని. రైతు దృష్టిలో అధికారమే ఒక భాష, దానికి తురకమని పేరు.

ఇందుకు సరిగా ఎదురుగా మరొక పదం ఉత్తరాదిలో పుట్టినది. అక్కడ చిరకాలం సిపాయిని తిలంగా అనేవారు. తిలంగా అంటే తెలుగువాడు. 1756–57లో క్లైవు బంగాళానికి వెళ్ళినప్పుడు మద్రాసునుండి వెంట తీసుకుపోయిన సిపాయిల మూలంగా వచ్చిన పేరు అది. తరువాత ఆ పటాలాలలో అవధ్ వారు, బీహారువారు చేరినా పేరు పోలేదు. 1857 తిరుగుబాటునాడు ఢిల్లీ వీధులలో నడిచిన సిపాయిలను కూడా జనం తిలంగాలే అన్నారు; వారిలో తెలుగు వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో! తెలుగువానికి అధికారి తురక. ఉత్తరాదివానికి సిపాయి తెలుగువాడు. రెండు మాటలూ భయంలో పుట్టినవే.

తిలంగా పేరు దేశమంతా ప్రాకినా, ఆ తిలంగాతో అతని భాషలో మాట్లాడవలెనన్న పట్టుదల కుంపిణీ సైన్యానికి లేకపోయినది. మద్రాసు సైన్యంలో ఆంగ్లాధికారులు ముఖ్యంగా నేర్వవలసినది హిందుస్తానీ. తమిళ, తెలుగు సిపాయిలు కూడా ఆ హిందుస్తానీనే ఏదో విధంగా అందుకోవలె. దండుకు ఒక ఉమ్మడి భాష ఉండటం సౌకర్యమే, కాదనలేము. కాని దాని ఖర్చు ఎప్పుడో ఒకప్పుడు చెల్లించక తప్పదు. 1806 జూన్‌లో వెల్లూరు కోటలో ముస్తఫా బేగ్ అన్న సిపాయి తన పై అధికారి వద్దకు వెళ్ళి, సిపాయిలు తిరుగబడటానికి కుట్ర జరుగుతున్నదని చెప్పినాడు. ఆ అధికారి ఆ మాటను తానే తూచి చూడక దేశీయాధికారుల సంఘానికి అప్పగించినాడు. వారు ఇతడు పిచ్చివాడన్నారు. ముస్తఫా బేగ్‌కు సంకెళ్ళు పడినవి. జూలై 10న తెల్లవారకముందే కోట రక్తసిక్తమైనది. ఆ తిరుగుబాటుకు కారణాలు వేరే ఉన్నవి. తలపాగా మార్పు, నొసటి బొట్టును, గడ్డాన్ని గురించిన ఆజ్ఞలు, టిప్పు కుమారులు ఆ కోటలో ఉండటం. తిరుగుబాటు న్యాయమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తన ముందు నిలబడి ఒక మనిషి చెప్పిన మాటను స్వయంగా వినవలసినవాడు దానిని ఇతరుల చెవులకు అప్పగిస్తే ఏమగునో చూపటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

భాష తెలిసిన సైనికుడు ఎంత విలువైనవాడో కుంపిణీకి తెలియక కాదు. 1792లో టిప్పునుండి బారామహల్ చేతికి వచ్చినప్పుడు గవర్నరు జనరలు కారన్‌వాలిస్ ఆ సీమ పాలనను మద్రాసు సివిలు ఉద్యోగులకు ఇవ్వలేదు. వారికి దేశభాషలు రావు. దుబాసీలు ఏమి చెబితే అదే వారికి వేదం. అందుచేత అలెగ్జాండర్ రీడ్ అన్న సైనికాధికారిని, అతనికి తోడు మరి కొందరు సైనికులను నియమించినాడు. వారిలో ఒకడు థామస్ మన్రో. 1780లో కేవలం పదాతిదళపు కేడెట్టుగా మద్రాసులో దిగినవాడు. దండులో ఉండగానే పారసీ, హిందుస్తానీ కష్టపడి నేర్చినవాడు. ఆ భాషలే అతనిని బారామహల్‌కు, అక్కడినుండి దత్తమండలాలకు, చివరకు 1820లో మద్రాసు గవర్నరు పదవికి నడిపినవి. 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించినప్పుడు రాయలసీమ రైతులు అతనిని తమవానిగా తలచినారు. పరాయి ప్రభుత్వానికి శిస్తు వసూలుచేసిన మనిషికి ఆ గౌరవం దక్కినదంటే, కొంత అతని గుణం, కొంత ఊరూరా తిరిగి వినే అలవాటు.

మరొక సైనికుడు కాలిన్ మెకంజీ. ఇంజనీరు, సర్వేయరు. దక్షిణాపథపు చరిత్రకు ఇతడు చేసిన సేవ కొండంత. ఊరూరి కైఫీయత్తులు, శాసనాల నకళ్ళు, తాళపత్రాలు వేలకొలది కూర్చినాడు. అయినా దేశభాషలు తనకు రావని ఆయన స్వయంగా ఒప్పుకొన్నాడు. ఆయన చెవి, నోరు కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయినాడు. మెకంజీ పేరు గ్రంథాలయాల బీరువాలపై ఉన్నది. కావలి వారి పేర్లు ఉపోద్ఘాతాలలో ఉన్నవి.

కలకత్తాలో 1800లో ఫోర్ట్ విలియం కళాశాల వెలసినది. దాని స్థాపనతేదీని కావలెనని మే 4గా పెట్టినారు. అది అంతకు ముందటి ఏడు శ్రీరంగపట్నం పడిపోయిన రోజు. భాషాశాలకు జన్మదినం యుద్ధవిజయం! 1802లో సైనిక కేడెట్లకు బారాసత్‌లో వేరే శాల పెట్టి హిందుస్తానీ చెప్పించబూనినారు గాని, కుర్రకారు చేసిన అల్లరికి తట్టుకోలేక 1811లో మూసివేసినారు. ఏ కాలంలోనైనా తరగతిగదిలో అల్లరి పంతులకు కొత్త కాదు. ఈ విద్యార్థుల మొలలకు కత్తులు కూడా ఉండేవి. ఇంతలో ఫోర్ట్ విలియంలో ఒక వింత జరిగినది. గిల్‌క్రిస్ట్ అన్న సైనికవైద్యుడు తన విద్యార్థులకు మాట్లాడే భాషలో పుస్తకాలు కావలెనన్నాడు. ఢిల్లీవాడైన మీర్ అమ్మన్ పాతకథను ఇంటిభాషలో చెప్పినాడు. దొరల పాఠ్యపుస్తకంగా పుట్టిన ఆ బాగ్-ఓ-బహార్ ఉర్దూ వచనానికి తొలి మేటి గ్రంథమైనది.

తెలుగులో కూడా ఇటువంటిదే జరుగవలసి ఉండెను. సగం జరిగినది.

మద్రాసులో 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలను ఏర్పరచినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. అక్కడ చదివినవారు ముఖ్యంగా సివిలు ఉద్యోగులే. కత్తి బదులు కలం పట్టినా, ఆ రోజులలో ఒకదాని వెనుక ఒకటి ఉండేది. అక్కడి తెలుగు పండితులలో వేదం పట్టాభిరామశాస్త్రి, రావిపాటి గురుమూర్తిశాస్త్రి పేరెన్నికగన్నవారు. మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య కూర్చిన ఆంధ్రదీపిక నిఘంటువు వారికి అక్కరకు వచ్చినది. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణం అచ్చయినప్పుడు దాని ముందు ఎల్లిస్ ఒక వ్యాసం జోడించినాడు. తెలుగు సంస్కృతంనుండి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదని అందులో ఉదాహరణలతో నిరూపించినాడు. కాల్డ్‌వెల్ ఈ సంగతిని విస్తరించి వ్రాసినది 1856లో. అంటే నలువది సంవత్సరాల ముందు, ఉద్యోగులకు తెలుగు చెప్పే గదిలో, తెలుగు పండితుల జ్ఞానం ఆధారంగా ఆ సత్యం బయటపడినది. పరాయివానికి పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు పంతులు తన భాషను మొదటిసారిగా బయటినుండి చూస్తాడు. "ఇది ఇట్లా ఎందుకు?" అని పిల్లవాడు అడిగితే కసరవచ్చు. దొర అడిగితే కసరటానికి వీలులేదు. ఆలోచించి సమాధానం చెప్పవలె.

ఆ శాలలో వాడిన పుస్తకాలు ఎటువంటివి? గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను, పంచతంత్రాన్ని వచనంలో వ్రాసిపెట్టినాడు. కథ సాగిపోయేట్లు, వాక్యం నోట పలికేట్లు ఉంటుంది ఆ వచనం. జె. సి. మారిస్ 1823లో అచ్చువేసిన తెలుగు సంకలనానికి రెవిన్యూ పదాల పట్టిక కూడా జతపడినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామపంతులు వద్ద తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపకు ఉద్యోగానికి పోయినాడు. కడపలో సొంతఖర్చుతో పండితులను కూర్చుకొని, ప్రతులు వ్రాయించి, వేమన పద్యాలను 1829లో అచ్చుకెక్కించిన వృత్తాంతం విద్యార్థులందరూ ఎరిగినదే. ఆయన 1852 నిఘంటువు ప్రత్యేకత వేరే ఉన్నది. పండితులు చీదరించిన మాటలు, అంగడిమాటలు, కచేరీమాటలు, ఆడవారు ఇండ్లలో వాడే మాటలు అందులో చోటు చేసుకొన్నవి. ఎందుకు? కచేరీ గుమ్మంలో నిలబడిన రైతు వాడేవి ఆ మాటలే గనుక. అధికారి అవసరం నిఘంటువుకు కిటికీ తెరిచినది.

తరువాత జరిగినదే విచారకరం. 1854లో ఆ కళాశాల మూతపడినది. అదే కాలంలో దేశీయ బాలురకు బడులు, వాటికి వాచకాలు కావలసివచ్చినవి. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. బాలవ్యాకరణం తరువాత వచ్చినది. చిన్నయసూరి ప్రతిభకు చేతులు జోడించవలసిందే. ఆ వాక్యనిర్మాణపు సొగసు, ఆ శబ్దసౌష్ఠవం ఎవరికి వచ్చినవి! బాలవ్యాకరణ సూత్రాలలో ఒక్క అక్షరం వృథాగా ఉండదు. కాని ఒక్క విషయం మరువరాదు. ఇరవైఏండ్ల ఆంగ్లయువకునికి పంచతంత్రం మాట్లాడే తెలుగుకు దగ్గరగా దొరికినది. పదేండ్ల తెలుగుబిడ్డకు అదే పంచతంత్రం కావ్యభాషలో దొరికినది. పరాయివానికి సులభమార్గం, సొంతబిడ్డకు ముళ్ళబాట. దొరకు తెలుగు రాకుంటే ఉద్యోగం నడవదు. బిడ్డకు రాకుంటే పంతులు బెత్తం ఉన్నది.

ఈ వైపరీత్యాన్ని మళ్ళీ ఎత్తి చూపినది కూడా ఒక పరాయి అధికారే కావటం చిత్రం. 1906 ప్రాంతంలో విశాఖపట్నం వైపు పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె. ఎ. యేట్స్ తెలుగు నేర్చుకొంటూ, పుస్తకంలో ఉన్న తెలుగు బజారులో వినబడదేమని, బజారులో వినబడేది పుస్తకంలో కానరాదేమని అడిగినాడు. పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి పంతులుకు, గురజాడ అప్పారావుకు చేర్చినారు. అక్కడినుండి మొదలైన వాదం అందరికీ తెలిసినదే. గిడుగువారికి ఆ ప్రశ్న అంత త్వరగా తాకటానికి కారణం ఉన్నది. ఆయన అప్పటికే స్వయంగా విద్యార్థి. పర్లాకిమిడిలో ఒక సవర మనిషిని ఇంట పెట్టుకొని, వ్యాకరణంగాని నిఘంటువుగాని లేని సవర భాషను కేవలం చెవితో నేర్చుకొన్నారు. ముప్పై దాటిన వయసులో ఒక భాషను మొదటినుండి నేర్చుకొన్న ఉపాధ్యాయుడు తరువాత పాఠం చెప్పే తీరే వేరుగా ఉంటుంది.

ఓరుగల్లు సీమకు ఆ వాదం ఆలస్యంగా చేరినది. ఇక్కడి సమస్య మరొకటి. నైజాం రాజ్యంలో 19వ శతాబ్దం చివరిపాదంలో పారసీని తప్పించి ఉర్దూను అధికారభాష చేసినారు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నతవిద్య చెప్పిన ఘనతను దక్కించుకొన్నది. ఆ ఘనత సత్యమే. కాని దేశభాష అనగా ఉర్దూ. మద్రాసువైపు అధికారి తెలుగు నేర్చుకోవలసి వస్తే, ఇక్కడ అధికారి ముందు నిలబడటానికి రైతు తురకం నేర్చుకోవలసి వచ్చినది. ఠాణాలో అమీను వ్రాసుకొన్న వాంగ్మూలం ఉర్దూలో ఉండేది. కింద వేలిముద్ర తెలుగువానిది. పైన ఏమి వ్రాసి ఉన్నదో ఆ వేలికి తెలియదు. జమానతు, ముచ్చలికా, పేషీ, పంచనామా వంటి మాటలు పల్లెజనానికి పాఠంగా రాలేదు. దెబ్బగా, ఖర్చుగా వచ్చినవి. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయాన్ని స్థాపించిన పెద్దలు ఒక గ్రంథాలయాన్ని పెట్టినామని మాత్రమే అనుకొని ఉండరు. తమ భాషలో చదువుకొనటానికి నాలుగు గోడలు కట్టుకోవలసిన పరిస్థితి అది. 1921లో హైదరాబాదు సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా గేలిచేసినారు. ఆ అవమానంనుండే ఆంధ్రజనసంఘం పుట్టినది. ఉర్దూపై ద్వేషం పెంచుకొనటం ఈ చరిత్రనుండి తీసుకోవలసిన పాఠం కాదు. ఓరుగల్లు పెద్దలలో ఎందరో ఉర్దూ కవిత్వాన్ని ప్రాణంగా ప్రేమించినారు. కాళోజీ నారాయణరావు తెలుగుతోపాటు ఉర్దూలోను దిట్ట. తప్పు భాషది కాదు, ఠాణాలో ఆ భాషను కూర్చోబెట్టిన తీరుది.

ఈనాటి మాట. సర్దార్ వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీ 1975లో అబూ పర్వతంనుండి హైదరాబాదుకు వచ్చినది. దేశం నలుమూలలనుండి వచ్చిన ఐ.పి.ఎస్. అధికారులు ఏ రాష్ట్రానికి కేటాయింపబడితే ఆ రాష్ట్రభాష నేర్చుకోవలె. రాజస్థాన్‌నుండో, కేరళనుండో వచ్చిన యువాధికారి తెలంగాణకు వచ్చినప్పుడు తెలుగు పరీక్ష ఇచ్చి తీరవలె. ఇది కుంపిణీ కాలం కాదు. వీరు దొరలు కారు, ప్రజల సేవకులు. కాని మొలకు తుపాకి ఉన్నవాడు తెలుగు నేర్చుకొనే ఈ పాఠంలో పాతచిక్కు ఒకటి అట్లాగే ఉన్నది.

ఆ చిక్కు తెలుగు క్రియలోనే ఉన్నది. ఆజ్ఞార్థకంలో ఏకవచనం అతిచిన్న రూపం: రా, పో, కూర్చో, చెప్పు. ధాతువును ఉన్నదున్నట్టు పలికితే చాలు. పెద్దవయసులో భాష నేర్చేవానికి మొదట అబ్బేది పొట్టిరూపమే. రండి, చెప్పండి, కూర్చోండి అన్నవి ఒక మెట్టు పైన ఉన్నవి. అందుచేత ఎంతో సంస్కారవంతుడైన అధికారి కూడా అరవై ఏండ్ల ముసలమ్మను పట్టుకొని "రా, చెప్పు" అంటాడు. హిందీలో ఆప్ అనటం మరువనివాడే తెలుగులో మీరు అనటం మరుస్తాడు. అతనికి అమర్యాద చేయాలని లేదు. మర్యాద చేయటానికి కావలసిన ప్రత్యయం ఇంకా అందలేదు. విన్న ముసలమ్మకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

ఎదుటివైపునుండి కూడా ఇటువంటి పొరపాటే. ఓరుగల్లు, పరకాల, నర్సంపేట వైపు పల్లెలలో పెద్దలు ఎంతటివానినైనా నువ్వు అనే అనవచ్చు. "సారూ, నువ్వే సూడాలె" అనటంలో చనువు ఉన్నది, ఆర్తి ఉన్నది, అవమానం లేదు. "నీ కాల్మొక్త" అన్న మాటలో సైతం నీ యే ఉన్నది గదా. ఇంతకు మించిన దాసోహం మరేమున్నది? పుస్తకంలో నువ్వు అమర్యాద అని చదివిన అధికారి ముఖం చిట్లిస్తాడు. అట్లాగే "నాకెరుక లేదు" అన్న జవాబు. ఎరుక అన్నది ప్రాచీన కావ్యాలలో మెరిసే పదం. ఓరుగల్లు రైతు దానిని నిత్యం వాడుకొంటున్నాడు. పరీక్షకు తెలుసు, తెలియదు మాత్రమే చదివిన అధికారి ఆ పదం ముందు ఆగిపోతాడు. "మొన్న గాయిన అచ్చిపోయిండు" అంటే ఎవరు వచ్చినారో, ఎప్పుడు పోయినారో తేల్చుకోలేడు. పక్కన ఉన్న కానిస్టేబులును చూస్తాడు. కానిస్టేబులు చెప్పినదే వాంగ్మూలమవుతుంది. వెల్లూరు కథ మరల మొదటికి వస్తుంది.

గూర్ఖా పటాలాలలో చేరే అధికారి ఎక్కడివాడైనా తన జవానుల భాష నేర్చి తీరుతాడు. అక్కడ భాష పరీక్షకోసం కాదు. ప్రాణం ఆ జవాను చేతిలో ఉన్నది గనుక. ఠాణా అధికారి చేతిలో మాత్రం ఎదుటివాని ప్రాణం ఉంటుంది. అక్కడ శ్రద్ధ తగ్గటానికి కారణం వెదకనక్కరలేదు.

ఇందులో తెలుగు ఉపాధ్యాయుల బాధ్యత ఏమి అన్నది అసలు ప్రశ్న. పెద్దవారికి తెలుగు చెప్పటం అనగానే చాలమంది పంతుళ్ళు ఒకటో తరగతి వాచకం తీసి అ అంటే అమ్మ అని మొదలుపెడతారు. లేదా సంధులు ఎత్తుకొంటారు. సివిలు పరీక్ష గట్టెక్కిన ముప్పైఏండ్ల మనిషిని పసిబిడ్డగా చూడటం ఒక పొరపాటు, పండితునిగా చూడటం మరొకటి. భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించిన జె. పి. ఎల్. గ్విన్ పూర్వం ఇక్కడ పనిచేసిన ఐ.సి.ఎస్. అధికారే. 1991లో ఆయన తెలుగు–ఆంగ్ల నిఘంటువు వచ్చినది. బ్రౌన్‌నుండి గ్విన్ వరకు, నేర్చుకొన్నవారే ఈ పని చేసిపెట్టినారు. నేర్పవలసినవారు ఇకనైనా కూర్చొని, ఓరుగల్లు పలుకుబడిలో ఒక చిన్నపుస్తకం వ్రాయరాదా? అందులో మొదటి పాఠం అక్షరాలు కానక్కరలేదు. "ఏమైందమ్మా, కూసోండి, నిమ్మళంగ చెప్పండి" అన్న మూడు మాటలు చాలు. ఆ తరువాత పది పాఠాలలో అధికారి నోరు విప్పకుండా వినవలె: సంతలో బేరం, పొలంగట్టు తగాదా, కూతురును అత్తింటివారు కొట్టినారని తల్లి చెప్పే గోడు, తాగినవాని సణుగుడు. పల్లెలు తిరిగి వీటిని సేకరించగలవారు బడిపంతుళ్ళే. ఈ జిల్లాలో వారిని మించి ఊళ్ళు ఎరిగినవారు లేరు.

పరీక్ష విషయం కూడా మార్చవలె. తెలుగు పండితుడు ప్రశ్నపత్రం ఇచ్చి, తెలుగు పండితుడే దిద్దే పద్ధతి ఈ పనికి చాలదు. పరకాలనుండో మహబూబాబాదునుండో అక్షరం రాని ఒక రైతును, ఒక కూలితల్లిని పిలిపించి గౌరవంగా కుర్చీ వేయవలె. వారు తమకు జరిగిన సంగతి ఏదైనా తమ ధోరణిలో చెప్పవలె. అధికారి దానిని వ్రాసుకొని వారికి తిరిగి చదివి వినిపించవలె. "నేను చెప్పింది గదే" అని వారంటే ఉత్తీర్ణుడు. "గట్ల గాదు సారూ" అంటే మళ్ళీ మూడునెలలు.